ఎర్ర సిరాతో దిద్దిన ఉత్తరం

జపనీస్ నాకు నేనే నేర్చుకున్నాను. కాజీపేట రైల్వే ఆఫీసులో గుమాస్తాను. డ్యూటీ దిగాక షార్ట్‌వేవ్ రేడియోకి చెవి ఆనించి, పోస్టులో తెప్పించుకున్న పాఠాల పుస్తకం ముందేసుకుని కూర్చునేవాణ్ణి. వరంగల్ మొత్తంలో ఆ భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఆ గర్వం బాగానే తలకెక్కింది.

ఎనభైల మొదట్లో జంపఖానాల నేత చూడ్డానికి జపాన్ నుంచి ఒకావిడ మా వరంగల్ కొత్తవాడకు వచ్చింది. పది రోజులు ఒక నేతగత్తె ఇంట్లో మగ్గం దగ్గర కూర్చుని పని నేర్చుకుంది. ఆ నేతగత్తెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఇద్దరి మధ్యా మాటలు చేరవేసే పని నాది. చివరి రోజు అక్క కోడిని కోయించి వండింది. ఆవిడ రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపింది. అక్కకు ఒళ్లు మండింది. మా కూడు నీకు పడదా అని విసురుగా లోపలికి పోయి, ఆవిడ బయల్దేరినా బయటికి రాలేదు. ఆ మాటను జపనీస్‌లో చెప్పాల్సిన అవసరం నాకు కలగలేదు, ఆవిడకు ముఖం చూస్తేనే అర్థమైంది.

ఆ రోజు పొద్దుట్నుంచీ ఆవిడకు కడుపులో బాగాలేదని, స్టేషనుకు పోతూ దవాఖానలో ఆగి సూది వేయించుకుందని మర్నాడు నేను చెబితే అక్క నేత ఆపి నా వైపు తిరిగింది.

"నా నోటితోనే అన్న, నా చేతితోనే ఆమెకు ఉత్తరం రాస్త. ఆమె భాష జర నేర్పు తమ్మీ" అంది.

రెండు నెలల్లో అక్షరాలు పట్టేసింది. ఆ వంపులు నాకంటే ఆమెకే అందంగా వచ్చేవి. ఆ మాట ఒక్కసారైనా ఆమెతో అనలేదు, ఎందుకో ఇప్పటికీ తెలియదు. తర్వాత ఉత్తరం రాసి తెచ్చింది. తిన్నవా, కడుపు నొప్పి తగ్గిందా, నేను ఊరికే కోపానికొచ్చిన, నాదే తప్పు. అంతే ఉత్తరం.

నేను ఎర్ర సిరా తీశాను. జపాన్‌లో ఉత్తరం ఋతువుతో మొదలుపెట్టాలి, తిండితో కాదన్నాను. మన తెలుగులో లాగా మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలకూడదన్నాను. ప్రతి వాక్యంలో నేను, నేను అని ఎందుకు రాశావని అడిగాను. తన పేరు చివర తానే గారు తగిలించుకున్నందుకు నవ్వాను కూడా. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా చేసే తప్పులే అవి, నేనూ చేసినవే. మూడుసార్లు తిరగరాయించాను. నాలుగోసారి విసుగొచ్చి మొత్తం నేనే శుభ్రంగా రాసి, కింద ఆమె పేరు పెట్టి పోస్టు చేశాను. వానలు తగ్గాయని, తమ ఆరోగ్యం కుశలమని తలుస్తానని, జరిగిన లోపానికి క్షమించగలరని. చూసుకుని మురిసిపోయాను.

జవాబు నా పేరు మీద వచ్చింది. మీ జపనీస్ ఎంతో బాగుంది, ఆమె తరఫున మీరు మర్యాదగా రాసినందుకు కృతజ్ఞతలు అని మొదలుపెట్టింది ఆవిడ. చివర్న అడిగింది, ఆమెకు నా మీద ఇంకా కోపం పోలేదా అని.

ఆ వాక్యం దాచేద్దామనుకున్నాను. సిగ్గు లేకుండా అనుకున్నాను. అక్క నా ముఖమే చూస్తుంటే దాచలేక చదివేశాను.

"అయితె నా ఉత్తరం ఆమెకు అందలే" అంది.

మళ్లీ రాయమన్నాను. ఎట్లా రాస్తే అట్లే పంపుతాను, ఒక్క గీత కూడా దిద్దనని బతిమాలాను. అక్క మగ్గం మీద కూర్చుని పోగులు సర్దుకుంది.

"వద్దు తమ్మీ, ఎన్ని తప్పులు పోతయో. నాకు కోపం లేదని నువ్వే రాయి."

రాశాను. అందులో ఒక్క తప్పు కూడా లేదు. దానికి జవాబు రాలేదు.