తిరగేసిన చైన్

ఏ వస్తువు చేతికి దొరికినా బాబాయి విప్పకుండా వదలడు. పక్కింటి మేస్త్రి కూతురు తనకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన నోట వింటున్న మాట ఒక్కటే: "ఒక్కసారి విప్పి చూద్దాం." గోడ గడియారం, కుట్టుమిషను, ఆమె మూడు చక్రాల సైకిలు, అన్నీ ఆయన చేతిలో పడి లేచినవే. ఒకసారి డాక్టరు గారు రక్తపోటు చూద్దామని చేతికి పట్టీ చుట్టి అటు తిరిగేసరికి, బాబాయి రెండో చేత్తో ఆ మిషను అడుగు స్క్రూలు ఊడదీశాడు. రక్తపోటు డాక్టరు గారికి పెరిగింది.

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. విప్పిందల్లా మళ్లీ బిగించేవాడు. ఒక్క స్క్రూ మిగిలేది కాదు, ఒక్క నట్టు తారుమారయ్యేది కాదు.

మేస్త్రి చెట్లు కొట్టడంలో మొనగాడు. బాబాయికి చిన్ననాటి స్నేహితుడు. పోయినేడు కొమ్మ మీంచి పడి కాలు విరిగింది. కాలు అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. నడవగలిగి కూడా కిటికీ పక్క కుర్చీ వదిలేవాడు కాదు. రంపం మాటెత్తితే గోడవైపు తిరిగేవాడు. కూతురు బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. నాన్న ఇక ఆ కుర్చీలోనే ఉండిపోతాడేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే బాబాయి మోటారు రంపం తెప్పించాడు. తయారైనది కాదు, ముక్కలు ముక్కలుగా అట్టపెట్టెలో వచ్చేది.

"మనింట్లో ఉన్నవి రెండు పూలకుండీలు. దేన్ని కోస్తారు?" అంది పిన్ని.

"ముందు రంపం కానీవే."

మేస్త్రి కిటికీ ఎదురుగా బల్ల వేసుకుని బాబాయి వారం రోజులు బిగించాడు, విప్పాడు. "ఒరేయ్, ఈ స్ప్రింగు ఎటురా?" అని కేకేసేవాడు. కిటికీ పలికేది కాదు.

ఎనిమిదో రోజు రంపం మోగింది. దుంగ మీద పెడితే బోలెడు పొగ వచ్చింది తప్ప గీత కూడా పడలేదు.

"ఆపరా బాబూ," అంది కిటికీ. "చైన్ తిరగేసి తొడిగావు. పళ్లు వెనక్కి చూస్తున్నాయి."

"ముందుకే చూస్తున్నాయి. అంత దూరం నుంచి నీకేం తెలుస్తుందిలే."

ఆ మాట మేస్త్రికి ఎక్కడో తగిలింది. విసురుగా లేచి, చేతికర్ర మరిచిపోయి, గడప దాటి వచ్చేశాడు. బాబాయిని పక్కకు నెట్టి, చైన్ తీసి తిప్పి వేసి, బిగువు చూసి, ఇంజను తాడు లాగి దుంగకు ఆనించాడు. దుంగ రెండు ముక్కలైంది. మేస్త్రి ముఖంలో ఏడాదిగా లేని వెలుగు కనిపించింది.

"ఇది నా దగ్గరే ఉంటుంది. నీ చేతిలో ఉంటే వేళ్లు మిగలవు," అని రంపం భుజాన వేసుకుని, పై వీధిలో ఎండుకొమ్మ కొట్టమని ఎప్పుడో అడిగిన వాళ్లింటికి బయల్దేరాడు.

బల్ల సర్దుతున్న కూతురికి రంపంతో వచ్చిన పుస్తకం కనిపించింది. చైన్ బొమ్మ పక్కన పెన్సిలుతో బాబాయి రాత: "తిరగేసి తొడగాలి. కిటికీలోంచి కనపడేలా పెట్టాలి."

"బాబాయ్, మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆయన వినలేదు. కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తున్నాడు.

"మీ నాన్న కుర్చీ ఖాళీగానే ఉందిగా అమ్మాయ్. ఒక్కసారి విప్పి చూద్దామా?"

ఆమె స్క్రూడ్రైవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"విప్పండి బాబాయ్. ఈ ఒక్కటి మాత్రం మళ్లీ బిగించకండి."