పిన్నమ్మ బడిగోడ మీద గ్రహం

ఈ ఉదయం మా ఖగోళ పరిశోధక బృందంలో ఒకాయన కొత్త బొమ్మ పంపించాడు. పసి నక్షత్రం, దాని చుట్టూ పళ్ళెంలా పరచుకున్న ధూళి, ఆ ధూళి మధ్య వలయంలా నల్లటి ఖాళీ. "గ్రహమే కదా?" అని కింద రాశాడు. వాయువు కొలతలు చూడకుండా ఏమీ అనలేనని జవాబిచ్చి, సింగానల్లూరులోని మా పిన్నమ్మను తలచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

పిన్నమ్మ అక్కడొక చిన్న బడికి పెద్ద టీచరుగా ఉండేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆవిడ చదివిందీ చదివించిందీ అరవంలోనే. నా పేరు తెలుగులో రాసి చూపిస్తే ముగ్గును చూసినట్టు చూసి మెచ్చుకునేది. నాకు ఆకాశం పిచ్చి అంటించింది ఆవిడే. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి ఖాళీనే చూసి, అక్కడ గ్రహమొకటి పుడుతూ ధూళిని ఊడ్చేస్తోందని మేమొక సభలో చెప్పాం. ఫోనులో ఆ మాట వినగానే పిన్నమ్మ పిల్లల చేత బడిగోడ నిండా ఆ బొమ్మ వేయించింది. గ్రహానికి పసుపు రంగు ఆవిడ నిర్ణయమే. తర్వాత ఆ ధూళితో కలిసి తిరిగే వాయువు కొలతలు వచ్చాయి. అంత పెద్ద గ్రహమే ఉంటే దాని దగ్గర వాయువు వేగం కొంచెమైనా చెదరాలి. ఎక్కడా చెదరలేదు. అచ్చుకు పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాం. పిన్నమ్మకు మాత్రం చెప్పలేకపోయాను. ప్రతి ఆదివారం చెబుదామనే ఫోను చేసి, ఆవిడ వండిన వంకాయ కొళంబు గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని. ఆ నెలలోనే బడి వార్షికోత్సవం వచ్చింది. పేటలోని పెద్దలందరి ముందు పిల్లల్ని వేదిక ఎక్కించి ఆ గ్రహం కథ చెప్పించిందావిడ.

ఇక ఆగలేక వెళ్ళాను. వంటింట్లో కూర్చుని అంతా చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, ఎప్పుడు తెలిసిందని అడిగింది. నెలయిందన్నాను. చేతులు ఆగిపోయాయి.

"తప్పు అందరికీ వస్తాది, అది పరవాలేదుమా. ముందే నాకు సెప్పుంటే పిల్లోళ్ళను మేడై ఎక్కించుందునా?"

సోమవారం ఆవిడ వెంట నేనూ బడికి వెళ్ళాను. పిల్లలకు నేను చెబుతానంటే ఒప్పుకోలేదు. "వాళ్ళకు సెప్పింది నేను కదా," అంది. తరగతి తరగతికీ వెళ్ళి, తాను చెప్పింది తప్పని చెప్పుకుంది. అయితే అక్కడ ఏముందని ఒక పాప అడిగింది. పిన్నమ్మ నా వైపు చూసింది. నాకూ తెలియదన్నాను. ఆ వారమే గోడకు సున్నం వేయించారు.

ఇప్పటికీ ఆదివారాలు మాట్లాడుకుంటాం. మోకాళ్ళ నొప్పులు, కరెంటు కోతలు, ఎవరింట్లో పెళ్ళి, అన్నీ చెబుతుంది. నక్షత్రాల ఊసు మాత్రం ఎత్తదు. లక్షల ఏళ్ళ లెక్కలతో గడిచే ఉద్యోగం నాది. అయినా నోరు విప్పలేకపోయిన ఆ నాలుగు వారాలంత పొడుగైన కాలాన్ని నేనింకా కొలవలేదు.