సింహాలను చూసి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, మా అబ్బ నన్ను సింహాలు చూపించడానికి తీసుకుపోయాడు. అబ్బ అంటే మా నాయన వాళ్ళ నాయన. మా ఊరు కంబదూరు దాటి కాలు బయట పెట్టాలంటే సవాలక్ష సాకులు చెప్పే మనిషి, బెంగళూరు దగ్గర సింహాలను బస్సులోంచి చూపించే పార్కు ఉందట, పోదాం పదమన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. సింహాలనేసరికి ఆ వయసులో బుర్ర ఎక్కడ పనిచేస్తుంది!

ఇంట్లో నాకో పెయ్యదూడ ఉండేది. ఈనగానే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి నేనే సాకాను. ఆ ఏడు చేలల్లో పశువుల నోటికి అందే గడ్డిపోచ లేదు. ఊళ్ళో పశువులన్నీ ఒక్కొక్కటిగా సంతకు పోతుంటే భయపడి నాయనను పట్టుకుని ఏడ్చాను. "నీ పెయ్యను అమ్మనులే పాపా" అని నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పాడు. ఆ మాట నమ్మే బస్సెక్కాను.

పార్కులో మమ్మల్ని ఇనుప జాలీ కట్టిన బస్సులో తిప్పారు. సింహం మా వైపు కన్నెత్తి కూడా చూడకుండా నిద్రపోతోంది. నా కళ్ళు మాత్రం జింకల ముందు కుప్పగా పోసిన పచ్చగడ్డి మీదే ఉన్నాయి. మన పెయ్యకు ఒక్క పిడికెడు అడుగుదామా అన్నాను. "ఊరుకో పాపా" అని అబ్బ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అడుక్కోవడానికి సిగ్గుపడ్డాడనుకున్నాను.

ఇల్లు చేరగానే కొట్టంలోకి పరిగెత్తాను. పెయ్య లేదు. దాని పలుపు గుంజకు వేలాడుతోంది.

"మీ చిన్నమ్మోళ్ళ ఊరికి తోలినాం. ఆడ మేత ఉండాది. వానలు పడినాక తెచ్చుకుందాం" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా. చక్కగా అల్లుకున్న అబద్ధమే. కానీ నేనూ రైతింట్లో పుట్టినదాన్నే. మా వైపు పశువును చుట్టాలింటికి మేతకు పంపితే మెడలో పలుపుతోనే పంపుతారు. అమ్మినప్పుడే పలుపు ఇవ్వరు. దానితోపాటు ఇంటి పాడి కూడా పోతుందని విప్పి ఉంచుకుంటారు. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి.

"మరి పలుపు ఈడ్నే ఉండాదే నాయనా?" అన్నాను. అబ్బే, "నువ్వు సూస్తే ఓర్చుకోలేవనే కదా నిన్ను సింహాల కాడికి పిలుచుకోని పోయింది" అన్నాడు. ఊరంతటిలో నేను ఎక్కువగా నమ్మింది వాళ్ళిద్దరినే. ఆ ఇద్దరూ కలిసి నా గొంతు కోశారు.

ఎందుకు అమ్మారో పెద్దయ్యాక నాకే తెలిసింది. ఉంచుకుంటే మా కళ్ళ ముందే ఎండి చచ్చేది. అమ్మినందుకు వాళ్ళను ఎప్పుడో క్షమించాను. పోయే ముందు ఒక్కసారి దాని మెడ కింద గంగడోలు నిమరనివ్వనందుకు మాత్రం, ఇద్దరూ కాలం చేసి ఇన్నేళ్ళయినా, ఇప్పటికీ కోపమే.

ఆ కోపమే నాకు ఒక పని నేర్పింది. మొన్న మా ఆయన పోయినప్పుడు, "పసిపిల్ల, జడుసుకుంటాది, పక్కింటికి పంపండి" అని మా మనవరాలి గురించి అందరూ అన్నారు. నేను పంపలేదు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వాళ్ళ తాత పక్కన కూర్చోబెట్టాను. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన చెయ్యి చాలాసేపు పట్టుకుని, తనంతట తానే వదిలింది.