బిస్మిల్లా బీ తలలో దూది

జమ్మలమడుగులో పెళ్లిపరుపు అంటే మా తోడికోడలు బిస్మిల్లా బీ చేతిదే కావాలంటారు. దూదేకే ఇంటికి ఇద్దరం కోడళ్లుగా వచ్చాం. ముందు వచ్చింది నేను. ఆమెకు సూది పట్టడం నేర్పింది నేను. పేరు మాత్రం ఆమెకే పోయింది. ఆమె కుట్టిన అంచు గోడలా నిలబడుతుందట. నాదేమో పడి నిద్రపోతుందేమో మరి!

ఈ చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. నాకూ వస్తుంది దగ్గు. నాకైతే మిరియాల కషాయం ఒక గ్లాసు పోసి ఊరుకుంటారు. ఆమెకు మాత్రం కోడలు సాజియా ప్రొద్దుటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర నంబరు తీసుకుంది. పాత ఎక్స్‌రే, తాగిన మందు సీసాలు, ఫ్లాస్కులో వేడినీళ్లు సంచిలో సర్దింది. పాఠం కూడా చెప్పింది.

"అత్తా, గళ్ల ఏ రంగులో పడతాందో చెప్పు. పడుకుంటే పిల్లికూతలు వస్తాండాయని చెప్పు. సిగ్గుపడి మింగాకు."

బిస్మిల్లా బీ సింగారం వేరు. కుంకుడుకాయతో తలంటుకుని, దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుంది.

"అక్కా, తలలో యాడన్నా దూది ఉందేమో చూడు. కనుబొమ్మల్లో గూడా."

"ఏందే, డాక్టరు నిన్ను నిఖా చేసుకుంటాడా?"

"దూది పనని తెలిస్తే మానమంటాడక్కా. నాసిర్ బిడ్డ పెండ్లికి పరుపులు కుడతానని ఒప్పుకున్యా. ఏం పని అంటే ఇంట్లో కుచ్చుంటానని చెప్తా. నువ్వు నోరు తెరవాకు."

ఆమె జుట్టు తెలుపు, దూదీ తెలుపే. ఊది చూసి, ఎగిరినదల్లా ఏరిపారేశాను. ఏరుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఈమె మానితే ఆ పరుపులు ఎవరి దగ్గరికి వస్తాయి?

ప్రొద్దుటూరుకు తోడు నేనే పోయాను. డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. "ఏం పని చేస్తావమ్మా?"

"ఏం పనీ లే సార్. ఇంట్లోనే..."

మాట పూర్తి కాలేదు. దగ్గు తెర కమ్ముకుంది. ముఖం నల్లబడి, ఊపిరి కోసం బల్ల అంచు పట్టుకుంది.

"అబద్ధం సార్!" అన్నాను. "పెండ్లయినప్పటి నుంచి దూదిలోనే ఉంది. ఈమె మాదిరి పరుపు కుట్టేవాళ్లు మా ఊర్లోనే లేరు."

ఆ రెండో మాట ఎందుకన్నానో, నాలుక కొరుక్కున్నా వెనక్కి రాలేదు.

డాక్టరు బ్రాంకైటిస్ అన్నాడు. ఊపిరిగొట్టాలు వాచి ఉన్నాయట. మందులు రాసి, ఇక దూది దగ్గర కూర్చోవద్దని గట్టిగా చెప్పాడు.

బస్సులో సగం దారి ఆమె నావైపు చూడలేదు.

"నా పరుపుల కోసమే చెప్పినావు గదా?"

"కొంచెం అందుకే."

"కొంచెమేనా?"

"నోరు మూసుకోని మందు తాగు."

నాసిర్ పరుపులు నేనే కుట్టాను. కుట్టు ఒక్కటీ వంకర పోలేదు. తీసుకుపోవడానికి వచ్చిన నాసిర్ వాటిని ముట్టుకోనైనా లేదు. మూసి కుట్టిన పరుపును ఎదురుగా ఉన్న బిస్మిల్లా బీ ఇంటి అరుగు మీదికి మోయించి, "బిస్మిల్లక్కా, ఒకసారి చూడు" అన్నాడు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అంచు పొడుగునా వేళ్లు జరిపి, ఒకచోట ఆగింది.

"ఈ మూల మళ్లీ కుట్టాలక్కా."

నాసిర్ తల ఊపాడు, ఆమెకే. నేను కత్తెర తెచ్చి ఆ మూల విప్పాను.