రాత్రి రాకుండానే అమృత్‌సర్

మా ఆయనకు నాందేడ్ రైల్వేలో ఉద్యోగం. చెల్లెలిని చూడ్డానికి అమృత్‌సర్ ఎప్పుడు వెళ్లినా పాస్ మీద రైల్లోనే. దారిలో ఒక రాత్రి గడిచేది. నా జొన్నరొట్టెలు అప్పడాల్లా ఎండిపోయేవి. మొన్న చెల్లెలు నీళ్లోసుకుంది. ఏదీ సయించడం లేదట. "అక్కా, నీ చేతి మెత్తటి రొట్టె తినబుద్ధైతున్నది" అని ఫోన్ చేసింది.

"పాస్ గీస్ పక్కకు పెట్టు, ఇమానంల పో" అన్నాడు మా ఆయన.

పొద్దున్నే రొట్టెలు చేసి, బట్టలో చుట్టుకుని, తొలిసారి విమానమెక్కాను. కింద మబ్బులు నాయ్‌గావ్ మార్కెట్లో కుప్పపోసిన పత్తిలా ఉన్నాయి. ఆ తెలుపులో నేనూ తేలిపోతున్నట్టనిపించి కళ్లు మూతపడ్డాయి. ఉన్నట్టుండి విమానం కిందికి జారింది. ఇంకా రాత్రే కాలేదు, అమృత్‌సర్ ఎలా వస్తుంది? కూలిపోతున్నామనుకుని, పక్కనున్న సర్దార్జీ తాత చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను.

"బేటీ, అమృత్‌సర్ ఆగయా" అన్నాడాయన మెల్లగా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

చెల్లెలు రొట్టె తుంచి, తినకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"ఇంకా మెత్తగనే ఉన్నదక్కా" అంది చివరికి. "నేనేమో నువ్వు శాన దూరమున్నవనుకున్న."