తుక్కు కాని సాంచెలు

జగిత్యాలలో నేను లెక్కలు రాస్తాను. యంత్రాలకు ఏటేటా విలువ తగ్గించడం నాకు మంచినీళ్లు తాగినంత తేలిక. సిరిసిల్లలో మా పెద్దబాపు, చిన్నబాపు సాంచెలు పంచుకుంటామన్నప్పుడు కూడా అరగంట పనే అనుకుని బస్సెక్కాను. సాంచెలంటే మరమగ్గాలే, మా దగ్గర అట్లాగే అంటారు. మా బాపు, అంటే మా నాన్న, ఎప్పుడో కోరుట్లలో కిరాణం పెట్టుకుని ఆ వ్యాపారంలోంచి తప్పుకున్నాడు. "పంపకంల అన్నదమ్ములకు మాటలు బందయితయి బిడ్డా, జర చూసి రాయి" అని ఫోన్లో ఒకటే పోరు.

కొత్త సాంచెలు పెద్దబాపుకి, పాతవి చిన్నబాపుకి. విలువలో తేడాకి పెద్దబాపు పైసలివ్వాలి. ఏటా ఒకే మొత్తం తగ్గించుకుంటూ పోయే పద్ధతిలో చూస్తే పాతవాటికి తుక్కు ధరే మిగిలింది. అంటే చిన్నబాపుకి ఎక్కువ పైసలొస్తాయి. సంతోషపడతాడనుకుంటే, అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"పొద్దుగాల బట్ట దింపిన సాంచెను తుక్కంటవా? గిదేనా నువ్వు సదివింది?"

సరే, మిగిలిన విలువ మీద ఏటా ఇంత శాతం తగ్గించే పద్ధతి ఇంకొకటుంది. అందులో ఎన్నేళ్లయినా విలువ సున్నాకి రాదు. అట్లా వేస్తే కాస్త పెరిగింది గానీ ఆయనకి ఆనలేదు.

"ఇంక ఎక్కువ రాయి."

"గట్ల రాస్తే నీకే తక్కువొస్తది తమ్మీ," అన్నాడు పెద్దబాపు.

"రానియ్యి. నా సాంచెలను తక్కువ చేస్తే మాత్రం ఊకోను."

ఎవరి వైపు వాళ్లు గుంజుకునే పంపకాలు చాలా చూశాను. ఎదుటివాడికి లాభం వచ్చేలా ఇద్దరూ గొంతు చించుకోవడం అక్కడే చూశాను. నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. చివరికి "వాడు చెప్పిందే రాయి" అన్నాడు పెద్దబాపు. రాశాను. ఇవ్వాల్సింది దాదాపు ఏమీ మిగల్లేదు. ముగ్గురం చాయ్ తాగాం. బాపుకి ఫోన్ చేస్తుంటే నా గొంతులో సంతోషం నాకే వినబడింది.

కొన్నాళ్లకి పెద్దబాపు జగిత్యాల వచ్చి కొన్ని రసీదులు నా ముందు పెట్టాడు. చిన్నబాపు సాంచెలకు పెద్దబాపే కొత్త మోటర్లు కొని బిగించాడట.

"నేను పైసలిస్తే తమ్ముడు తీస్కోడు. గివి నా లెక్కల రాయి."

"రాయనీకి రాదు పెద్దబాపూ. వేరేటోళ్ల సాంచెల ఖర్చు నీ లెక్కల పట్టది."

లేవబోతున్నవాడల్లా ఆగి, నన్ను కొత్తగా చూసినట్టు చూశాడు.

"వేరేటోళ్లు ఎవరు బిడ్డా?"