వెనక్కి తిరిగే కుళాయి

ఆ గుమాస్తా బతికున్నన్నాళ్లూ ఇంట్లోకి ఏ పనివాణ్ణీ అడుగు పెట్టనివ్వలేదు. "నా చేతులేమైనా పడిపోయాయా? ఊరికే డబ్బు తగలేయడం దేనికి?" అనేవాడు. ఆ చేతుల పుణ్యమా అని వంటింట్లో దీపం వెలగాలంటే పడకగదిలో స్విచ్ నొక్కాలి. స్నానాలగది తలుపు మోకాలితో పొడిస్తేగాని మూసుకోదు. ఇక వంటింటి కుళాయి, లోకంలో కుళాయిలన్నీ ఏ వైపు తిప్పితే ఆగుతాయో ఆ వైపు తిప్పితే తెరుచుకునేది. చుట్టాలొస్తే భార్య మొదట దాన్ని తిప్పడం నేర్పి, ఆ తర్వాతే కుశలం అడిగేది. ఆయన మాత్రం "డబ్బు మిగిల్చానా లేదా?" అని మీసం దువ్వేవాడు.

ఆయన పోయిన మూడో నెలలో, కనీసం ఆ కుళాయైనా నలుగురి ఇళ్లలో ఉన్నట్టు ఉండాలని ఆమె ప్లంబర్ని పిలిచింది. అతను విప్పి చూసి నవ్వాడు.

"లోపలి సామాను తిరగేసిన రకం వేశారు. ఎవరమ్మా ఈ మేస్త్రీ?"

"మా ఆయనే. ఆయన చెయ్యి పెట్టని వస్తువు లేదు, బాగుపడ్డ వస్తువూ లేదు."

పది నిమిషాల్లో పని అయిపోయింది. పద్దెనిమిదేళ్ల పీడకి పది నిమిషాలేనా అని ఆమెకి ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్న గుర్తుపెట్టుకుని కొత్త వైపే కుళాయి తిప్పి గిన్నె కడిగింది గాని, అలవాటు కొద్దీ పాత వైపే తిప్పి కట్టబోయింది. నీళ్లు ఉద్ధృతంగా వచ్చి గిన్నెకి కొట్టుకుని ఆమె మొహాన పడ్డాయి. కంగారుగా ఇంకాస్త తిప్పింది. చీరంతా తడిసింది.

కొంగుతో మొహం తుడుచుకుంటూ గూట్లో ఉన్న ఆయన పనిముట్ల డబ్బా వైపు చూసింది.

"ఇక నా చేతికే రిపేరు కావాలండీ," అంది. "దీన్నైనా మీరు ముట్టుకోకండి."